తాబేలుకు ఎర్ర బల్బు కనబడదా? మనకంటే బాగానే కనబడుతుంది

మీరు అడిగింది ఇది: "రాత్రి చలికి ట్యాంకు పైన ఎర్ర బల్బు పెట్టాం. తాబేళ్ళకు ఎరుపు కనిపించదు, నిద్ర చెడదు అని అమ్మినవాళ్ళు చెప్పారు. కానీ మా రెడ్ ఇయర్డ్ స్లైడర్ అర్ధరాత్రి దాటినా ఈదుతూనే ఉంటోంది. అసలు తాబేళ్ళకు, మిగతా జంతువులకు వెలుగు, రంగులు ఎలా కనిపిస్తాయి?"

ముందు ఆ బల్బు ఈ రాత్రికే తీసేయండి. మిగతాది తీరిగ్గా చదువుకోవచ్చు.

నేనూ ఇదే తప్పు చేశాను కాబట్టి చెబుతున్నా. మా స్లైడర్ వచ్చి తొమ్మిదేళ్ళయింది. రెండో చలికాలంలో నాకూ ఎవరో ఇదే మాట చెబితే నమ్మి, పదిహేను రోజులు ఎర్ర బల్బు వెలిగించాను. పగలంతా ఒళ్ళు వెచ్చబెట్టుకునే బాస్కింగ్ రాయి మీద కళ్ళు మూసుకుని పడి ఉండేది, తిండి ముట్టేది కాదు. జబ్బు చేసిందేమోనని ఒకటే టెన్షన్. ఒకరోజు రాత్రి రెండింటికి మంచినీళ్ళ కోసం లేచి చూస్తే, అద్దానికి ముక్కు ఆనించి ముందు కాళ్ళతో గీరుతోంది. నేను దూరం నుంచే చెయ్యి మెల్లగా ఊపాను. ఈదడం ఆపి, తల తిప్పి, సరిగ్గా నా చేతినే చూసింది. చెయ్యి ఎడమకు జరిపితే తలా ఎడమకు జరిగింది. చుట్టూ చీకటే అనుకుంటున్న జంతువు చేసే పని కాదు అది. బల్బు తీసేసిన మూడో రోజుకు మళ్ళీ తినడం మొదలెట్టింది.

ఎందుకలా అని అప్పుడు చదవడం మొదలుపెట్టాను. మన కంటి లోపలి తెర, అంటే రెటీనాలో, రంగులు పట్టే కోన్ కణాలు మూడు రకాలు. వాటిలో "ఎరుపు కోన్" అని పిలుచుకునేది కూడా నిజానికి 560 నానోమీటర్ల (వెలుగు తరంగం పొడవుకు కొలత, ఒక్కో రంగుకు ఒక్కో పొడవు) దగ్గర, అంటే పసుపు, ఆకుపచ్చ కలిసే చోట, ఎక్కువగా స్పందిస్తుంది. ఎరుపు దాని అంచుల్లో ఎక్కడో ఉంటుంది. స్లైడర్‌కు కోన్‌లు నాలుగు రకాలు. ఎరుపు వైపున్న రకం 620 దగ్గర ఎక్కువగా స్పందిస్తుంది. మామూలు ఎర్ర ఎల్‌ఈడీ వెలుగు ఉండేది 630 దగ్గర. అంటే మనం "దీనికి కనబడదులే" అని ఏరికోరి పెట్టిన దీపం, దాని కంటికి బాగా పట్టే చోటే పడుతోంది. నాలుగో రకం ఇంకో కొసన, 370 దగ్గర ఉంటుంది. అది అతినీలలోహితం, మనకు అసలు కనిపించని వెలుగు.

పైగా ఈ కోన్‌లలో చాలావాటికి ముందు చిన్న చిన్న నూనె బొట్లు ఉంటాయి. కొన్ని ఎర్రవి, కొన్ని పసుపువి, కొన్ని రంగు లేనివి. కణంలోకి వెలుగు వెళ్ళేముందు ఆ బొట్టు రంగుటద్దంలా అడ్డుపడి, అక్కర్లేని రంగును ఆపేస్తుంది. దాంతో ఒక రంగుకు, పక్క రంగుకు మధ్య తేడా ఇంకా తేటగా తెలుస్తుంది. పక్షుల కళ్ళలోనూ ఇలాంటి బొట్లే ఉంటాయి. తాబేలు నత్తనడక చూసి దాని కన్ను కూడా మందమే అనుకుంటాం కానీ, రంగుల విషయంలో అది మనల్ని దాటిపోయింది.

స్లైడర్‌కు ఎరుపు మీద ఇంత పట్టు ఎందుకంటే, అది చెరువులోది. చెరువు నీళ్ళలో కుళ్ళిన ఆకులు, నాచు, మట్టి కలిసి నీలం వెలుగును మింగేస్తాయి. లోపలికి దిగేది ఎక్కువగా పసుపు, ఎరుపులే. అందుకే మంచినీటి తాబేళ్ళ కళ్ళలో వెలుగు పట్టే పదార్థం విటమిన్ ఏ2తో తయారవుతుంది. మన కళ్ళలో ఉండేది ఏ1. ఆ ఒక్క మార్పుతోనే చూపు ఎరుపు వైపు జరుగుతుంది. సముద్రంలో లెక్క తిరగబడుతుంది. అక్కడ నీళ్ళు మింగేది ఎరుపునే, కొన్ని మీటర్ల లోతుకే అది దాదాపు మాయమై నీలం మిగులుతుంది. సముద్రపు పచ్చ తాబేలులో ఎరుపు వైపున్న కోన్ మనలాగే 560 దగ్గరే ఆగిపోయింది.

"తాబేళ్ళకు ఎరుపు కనబడదు" అన్న మాట ఈ సముద్ర తాబేళ్ళ దగ్గరే పుట్టి, దారి తప్పి మన ట్యాంకుల్లోకి వచ్చిందని నా అనుమానం. ఒకసారి సముద్ర తాబేళ్ళ పిల్లలను వదిలేవాళ్ళతో కలిసి ఒక రాత్రి తీరంలో ఉన్నాను. మామూలు టార్చి వద్దు, ఎర్రదే వాడండి, ఫోన్లు జేబుల్లోంచి తీయకండి అని గట్టిగా చెప్పారు. అయినా మాలో ఒకరికి ఫోన్ మోగింది. జేబులోంచి తీసి కట్ చేయడానికి పట్టింది రెండు మూడు సెకన్లే. అప్పటిదాకా అలల వైపు పాకుతున్న పిల్లల్లో నాలుగు ఆగి, తిరిగి, ఆ తెల్లటి వెలుగు వైపు రావడం మొదలెట్టాయి. వేలెడంత లేని పిల్లలు, ఇసుకలో మన కాలి గుంటలే వాటికి గోతులు. చుట్టూ దీపాలు లేనప్పుడు రాత్రి సముద్రం వైపు ఆకాశం నేల వైపుకంటే వెలుగ్గా ఉంటుంది. కిందుగా వెలుగున్న వైపుకు పోవడమే వాటికి పుట్టుకతో వచ్చిన దారి. ఆ వెలుగులో వాటిని బాగా లాగేది నీలం, ఆకుపచ్చ, అతినీలలోహితం. ఎరుపు లాగేది తక్కువ. లాగర్‌హెడ్ జాతి పిల్లలైతే పసుపు వెలుగు నుంచి పక్కకు తప్పుకుంటాయి కూడా. అందుకే అమెరికాలోని ఫ్లోరిడా తీరంలో దీపాలు 560 నానోమీటర్లు దాటినవి పెట్టమంటారు. అక్కడ కూడా ఎరుపు "కనబడదు" అని కాదు, అంతగా లాగదని. ఎర్ర దీపం మరీ ప్రకాశంగా ఉంటే వాటికీ ఇబ్బందే.

ఇంట్లో నేను చేసిన ఒక ప్రయోగం చెప్తాను, పూర్తిగా నమ్మకండి. మా తాబేలు ఎర్ర మూత చూస్తే చాలు, నీళ్ళు చిమ్ముకుంటూ వస్తుంది. దానికి ఎరుపంటే ఇష్టమని అందరికీ గొప్పగా చెప్పుకునేవాణ్ణి. తీరా చూస్తే దాని తిండి డబ్బా మూత ఎర్రది! సరే, ఇష్టం సంగతి వదిలేద్దాం, గుర్తుపట్టేది రంగునా లేక ముదురు, లేత తేడానా అని అనుమానం వచ్చింది. ఒకే సైజు మూతలకు ఐదు రకాల బూడిద రంగులు వేసి, మధ్యలో ఎర్రది కలిపి, రోజూ చోటు మారుస్తూ అద్దం బయట పేర్చాను. దాదాపు ప్రతిసారీ ఎర్రదాని దగ్గరికే వచ్చింది. ఈ ఉపాయం నాది కాదు. తేనెటీగలకు రంగులు తెలియవని వాదిస్తున్న రోజుల్లో కార్ల్ ఫాన్ ఫ్రిష్ అనే జంతు శాస్త్రవేత్త బూడిద రంగు అట్టల మధ్య ఒక నీలం అట్ట పెట్టి, దాని మీద చక్కెర నీళ్ళు అలవాటు చేసి, అవి నీలాన్నే వెతుక్కుంటూ వస్తాయని 1914లో చూపించాడు. ఎర్ర అట్టను మాత్రం అవి ముదురు బూడిదతో కలిపేసుకున్నాయి. 1973లో ఆయనకు నోబెల్ వచ్చింది. నాకు తడిసిన చొక్కా మిగిలింది.

మిగతా జంతువుల సంగతి కూడా అడిగారు కదా. కుక్కలకు రెండే రకాల కోన్‌లు. నీలం, పసుపు తేడా తెలుస్తుంది. ఎరుపు, ఆకుపచ్చ మాత్రం కలిసిపోతాయి. గడ్డిలో ఎర్ర బంతి విసిరి అది వాసన పట్టుకుంటూ వెతుకుతుంటే తెలివి తక్కువ అనుకోకండి, నీలం బంతి విసిరి చూడండి. ఎద్దు కూడా అంతే, దాన్ని రెచ్చగొట్టేది గుడ్డ రంగు కాదు, గుడ్డ ఊగడం. పాలిచ్చే జంతువుల పూర్వీకులు చాలాకాలం రాత్రిపూటే తిరుగుతూ బతికి, రెండు రకాల కోన్‌లు పోగొట్టుకున్నాయని శాస్త్రవేత్తల అంచనా. మన కోతి వంశంలో తర్వాత ఒక జన్యువు రెండుగా చీలి మూడోది వచ్చింది. తాబేళ్ళు, పక్షులు పాత ఆస్తిని అలాగే కాపాడుకున్నాయి. ఆక్టోపస్‌కైతే వెలుగు పట్టే కణం ఒకే రకం, అయినా చుట్టూ ఉన్న రాళ్ళలో కలిసిపోయేలా ఒంటి రంగు మార్చుకుంటుంది. మాంటిస్ ష్రింప్‌కు రంగులు పట్టే కణాలే పన్నెండు రకాలు. ప్రపంచంలోకెల్లా గొప్ప రంగుల చూపు దానిదే అని వీడియోల్లో ఊదరగొడుతుంటారు. కానీ 2014లో పరీక్షించి చూస్తే, మనం తేలిగ్గా తేడా పట్టే దగ్గరి దగ్గరి రంగులను అది పట్టలేకపోయింది. రకాలు ఎక్కువుంటే చూపు ఎక్కువని కాదన్నమాట.

ఇక మీ ట్యాంకు. చలే సమస్య అయితే నీళ్ళలో థర్మోస్టాట్ ఉన్న హీటర్ చాలు. గాలి కూడా వెచ్చగా ఉండాలంటే వెలుగు రాని సెరామిక్ హీటర్ దొరుకుతుంది. దాన్ని నీళ్ళు చిమ్మని ఎత్తులో పెట్టండి, బాగా కాలుతుంది. రాత్రి పది పన్నెండు గంటలు చీకటి ఉండాలి. నీలం "మూన్‌లైట్" బల్బు కూడా వద్దు. పగలు యూవీబీ (అతినీలలోహితంలో ఒక రకం) ట్యూబు తప్పనిసరి. అది చూపు కోసం కాదు, డిప్ప గట్టిపడటానికి కావాల్సిన విటమిన్ డి3 కోసం. ట్యూబు వెలుగుతూనే ఉన్నా లోపల యూవీబీ తగ్గిపోతుంది, మన కంటికి తెలియదు. డబ్బా మీద రాసిన గడువుకు మార్చేయండి. ట్యూబుకు, తాబేలుకు మధ్య గాజు మూత ఉంటే తీసేయండి, ఆ కిరణాలను గాజు చాలావరకు ఆపేస్తుంది.

ఇంకొకటి. చేత్తో తిండి పెట్టే అలవాటుంటే, గోళ్ళకు ఎర్ర రంగు వేసుకున్న రోజు మాత్రం పట్టకారు వాడండి. మా చెల్లి చూపుడువేలికి ఇంకా మచ్చ ఉంది.