ఎత్తితే పెరిగేది బలమా, శక్తా?

సందేహం: "జీడిపిక్కల బస్తాను లారీ మీదికి ఎత్తినప్పుడు దాని బలం పెరుగుతుంది" అని మా విద్యార్థి రాశాడు. ఇది తప్పేనా? స్థితిశక్తి, స్థితిజ శక్తి – వీటిలో ఏది సరైన రూపం?
– ఒక ఉపాధ్యాయురాలు, పలాస, శ్రీకాకుళం జిల్లా

సమాధానం: సైన్సు జవాబుగా తప్పే. అయితే ఆ తప్పు పిల్లవాడి తెలుగులో లేదు. జ్వరం తగ్గాక "ఒంట్లో శక్తి లేదు" అన్నా, "బలం లేదు" అన్నా మనకు ఒకటే. భౌతికశాస్త్రం ఈ రెంటినీ విడదీసి, ఒక్కోదానికి ఒక్కో పని అప్పగించింది: బలం అంటే నెట్టడం, లాగడం; శక్తి అంటే పని చేయగల సామర్థ్యం. బలాన్ని న్యూటన్లలో, శక్తిని జౌళ్లలో కొలుస్తారు. ఆ సంగతి మొదటే చెప్పకపోతే విద్యార్థి ఇంటి అర్థంతోనే రాస్తాడు.

మీ ఊరి బస్తానే తీసుకుందాం. 80 కిలోల బస్తాను నెమ్మదిగా పైకి లేపాలంటే సుమారు 784 న్యూటన్ల బలం కావాలి. అడుగు ఎత్తులో ఉన్నా, లారీ అంచు దగ్గర ఉన్నా బలం అంతే; బస్తా బరువు మారదు. మారేది శక్తి, అంటే ఉన్న ఎత్తు వల్ల బస్తాకు వచ్చే స్థితిశక్తి. మీటరు లేస్తే 784 జౌళ్లు, మీటరున్నర లేస్తే 1,176 జౌళ్లు పెరుగుతుంది. అదంతా బస్తా ఎత్తిన కళాసీ ఒంట్లోంచి వచ్చిందే. నిక్కచ్చిగా చెప్పాలంటే అది బస్తా ఒక్కదానిదే కాదు, బస్తాకూ భూమికీ ఉమ్మడి సొత్తు. బడి పాఠంలో మాత్రం "బస్తా స్థితిశక్తి పెరిగింది" అంటే చాలు.

ఇక్కడ తెలుగు మనకు గొప్ప సాయం చేస్తుంది. "ఎత్తు" మనకు క్రియా అవుతుంది, నామవాచకమూ అవుతుంది. ఎత్తితే ఎత్తు పెరుగుతుంది, దానితో పాటు స్థితిశక్తీ పెరుగుతుంది, దించితే తగ్గుతుంది. మరి "మోయడం"? బస్తాను తలమీద పెట్టుకుని చదునైన గోదాములో ఈ చివరి నుంచి ఆ చివరికి నడిస్తే కళాసీకి చెమటలు పడతాయి, మెడ నొప్పి పుడుతుంది. బస్తా స్థితిశక్తి మాత్రం ఒక్క జౌలు కూడా పెరగదు. ఎత్తడం, మోయడం అనే రెండు మాటలు పక్కపక్కన పెట్టి అడగండి, పిల్లలకు తేడా ఇట్టే పట్టుబడుతుంది.

ఇక రూపాల సంగతి. రెండూ సరైన రూపాలే. "స్థితిజ"లోని "జ"కు పుట్టినది అని అర్థం, జలజంలో ఉన్నదే. స్థితి వల్ల పుట్టిన శక్తి స్థితిజ శక్తి. స్థితిశక్తి అన్నప్పుడు ఆ "వల్ల" సమాసంలో అణగి ఉంటుంది. పలకడానికి తేలిక కాబట్టి నా ఓటు స్థితిశక్తికే. కాకపోతే జత చెడగొట్టకూడదు: కదలిక వల్ల వచ్చే శక్తి గురించి రాసేటప్పుడు స్థితిశక్తి పక్కన గతిశక్తి, స్థితిజ పక్కన గతిజ రాయాలి. "శక్తిని కలిగి ఉండును" అనే బరువైన వాక్యం వద్దు. "శక్తి ఉంటుంది" చాలు.

మీ విద్యార్థి వాక్యాన్ని ఇలా దిద్దండి: "బస్తాను నేల మీది నుంచి లారీ మీదికి ఎత్తినప్పుడు దాని స్థితిశక్తి పెరుగుతుంది." "నేల మీది నుంచి" అన్న మాటను తీసేయనివ్వకండి. ఎత్తును ఎక్కడి నుంచి కొలిచామో చెప్పకపోతే పక్కన వేసే లెక్కకు ఆధారం ఉండదు.