తెలియకుండా పెట్టిన పెరుగు

ప్రశ్న: నేను వీగన్‌గా మారి రెండేళ్లయింది. పాలు, పెరుగు, గుడ్లు, తేనె, ఉన్ని, తోలు అన్నీ మానేశాను. రోజూ వేసుకున్న బట్టలూ, వండిన వంటా ఫొటో తీసి, కింద నాలుగు మాటలు రాసి స్నేహితుల గ్రూపులో పెట్టుకోవడం నాకున్న చిన్న సరదా. మా అత్తగారు మాతోనే ఉంటారు. సోయా అంటేనే ఆవిడకి గిట్టదు. మూడు నెలలపాటు ఆవిడకి చెప్పకుండా సోయా పాలతో తోడుపెట్టిన పెరుగే వేశాను. ‘ఈమధ్య పెరుగు కమ్మగా తోడుకుంటోందే’ అని మెచ్చుకున్నారు కూడా. ఆ మాట గ్రూపులో రాస్తే అందరూ నవ్వారు. అందులో మా ఆడపడుచు కూడా ఉంది. ఆమె చెప్పేసింది. అప్పట్నించి అత్తగారు నా చేతి కాఫీ తాగడం లేదు. పొద్దున్నే లేచి థైరాయిడ్ మాత్ర వేసుకుని, తన కాఫీ తనే కలుపుకుని గదిలోకి వెళ్లిపోతున్నారు. ఇదివరకు ‘చిక్కిపోయావు, మొహం పాలిపోయింది’ అని రోజూ సణిగేవారు. ఇప్పుడు అదీ లేదు. ఆవిడ అల్లి ఇచ్చిన ఉన్ని స్వెటర్ నేను వేసుకోలేదన్నది పాత గొడవ. మావారు ‘కొన్నాళ్లు పోతే అదే సర్దుకుంటుంది’ అంటున్నారు. వచ్చే నెల ఆవిడ పుట్టినరోజు. గుడ్డూ పాలూ లేని కేకు, తేడా తెలియకుండా ఎలా చేయాలో చెప్పండి. ఈ ఫొటోలూ రాతలూ మానేయమంటారా?

జవాబు: తేడా తెలియకుండా కేకు చేసే ఉపాయం నేను చెప్పను. ఒకసారి తెలియకుండా పెట్టినందుకే ఆవిడ మీ చేతి కాఫీ మానేశారు. అదే పని ఆవిడ పుట్టినరోజునాడు మళ్లీ చేస్తానంటున్నారు మీరు.

ముందు థైరాయిడ్ మాత్ర సంగతి. దాన్ని మీరు మాటల సందులో రాసేశారు కానీ, నాకు మీ ఉత్తరంలో అన్నిటికన్నా కంగారు పుట్టించింది అదే. థైరాయిడ్ తక్కువగా ఉన్నవాళ్లకి ఇచ్చే లెవోథైరాక్సిన్ మాత్రని ఖాళీ కడుపున మంచినీళ్లతో వేసుకోవాలి. ఆ తర్వాత అరగంట నుంచి గంట దాకా ఏమీ తినకూడదు, కాఫీ కూడా తాగకూడదు. సోయా ఆ మందు ఒంటికి పట్టడాన్ని తగ్గించగలదు. కొని తెచ్చే సోయా పాలల్లో చాలావాటికి కాల్షియం కలుపుతారు, కాల్షియం కూడా అదే పని చేస్తుంది. అందుకే మాత్రకీ వీటికీ మధ్య నాలుగు గంటల ఎడం ఉంచమని డాక్టర్లు చెబుతారు. థైరాయిడ్ ఉన్నవాళ్లు సోయా అసలు తినకూడదని కాదు. తింటే రోజూ ఇంచుమించు ఒకే మోతాదులో తినాలి, ఆ విషయం డాక్టరుకి తెలిసి ఉండాలి. అప్పుడు డోసు దానికి తగ్గట్టు చూసుకుంటారు. మీరు పెట్టింది తినేవాళ్లకీ తెలియదు, మందు రాసేవాళ్లకీ తెలియదు. ఆ పెరుగు రాత్రి భోజనంలో పడి ఉంటే నష్టమేమీ జరిగి ఉండకపోవచ్చు. కానీ అది అదృష్టం కొద్దీ తప్పిందే తప్ప మీ జాగ్రత్త వల్ల కాదు. ఆవిడ డాక్టరుకి జరిగింది చెప్పండి, థైరాయిడ్ పనితీరు చూసే టీఎస్‌హెచ్ అనే రక్తపరీక్ష అవసరమో కాదో ఆయన చెబుతారు. తిండి మారినా, డోసు మారినా ఆ పరీక్షలో సరైన లెక్క తేలడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. ఆవిడతో పాటు డాక్టరు దగ్గరికి మీరు వెళ్లండి, మీవారిని పంపి ఊరుకోకండి.

సోయా, జీడిపప్పు, బాదం, గోధుమ ఇవన్నీ కొందరికి పడనివి. వీగన్ వంటలో వీటి వాడకం ఎక్కువ. కాబట్టి ఎవరికి వడ్డించినా అందులో ఏం ఉందో చెప్పి వడ్డించాలి. ఇందులో అత్తగారని, అతిథి అని తేడా లేదు.

ఇక అసలు విషయం. ఆవిడ కోపం సోయా మీద అనుకుంటున్నారు మీరు. మీ ఉత్తరం అంతా ఆ అనుకోలుతోనే నడిచింది. నాకలా అనిపించడం లేదు. ఆవిడ మిమ్మల్ని మెచ్చుకున్నారు. సోయా గిట్టదన్న మనిషి, మీ చేతి పెరుగు కమ్మగా ఉందని నోరారా అన్నారు. ఆ మంచిమాటని మీరు తీసుకెళ్లి పదిమంది నవ్వుకోడానికి పెట్టారు. ఆ నవ్విన వాళ్లలో ఆవిడ కన్నకూతురు కూడా ఉంది. ఆవిడ కాఫీ ఎందుకు మానేశారో వేరే వెతకాలా? అందులో ఏం కలిపారోనన్న అనుమానం కొంత, తను ఏమంటే ఎక్కడ చెప్పుకుని నవ్వుతారోనన్న బిడియం అంతకన్నా ఎక్కువ. అందుకే సణగడం కూడా మానేశారు. పెద్దవాళ్లు సణిగినన్నాళ్లూ ఇంట్లో వాళ్లకి చోటుందనే అర్థం.

ఇంకో మాట. వీగన్ తిండి మీరు మనస్ఫూర్తిగా నమ్మి ఎంచుకున్న దారి. దానికి మారువేషం వేసి వడ్డించడం మీ నమ్మకానికే చిన్నతనం. తేడా తెలియకపోవడమే గెలుపనుకుంటే, మీ వంటకి సొంత రుచి లేదని మీరే ఒప్పుకున్నట్టు. మూడు నెలలు తిన్న మనిషి ‘కమ్మగా ఉంది’ అన్నారంటే ఆ పెరుగుకి దాని పేరుతోనే నిలబడే సత్తా ఉంది. ఆ అవకాశం మీరే పోగొట్టుకున్నారు.

క్షమాపణ చెప్పండి. ఎప్పుడో సందర్భం చూసి కాదు, ఈ వారమే. ‘అత్తయ్యా, మీకు చెప్పకుండా పెట్టాను. మీరు మెచ్చుకున్న మాట బయట చెప్పి నవ్వాను. రెండూ తప్పే’ అంటే చాలు. తర్వాత ‘కానీ’ అని మొదలుపెట్టకండి. జంతువుల గురించి, ఆరోగ్యం గురించి ఆ పూట ఒక్క ముక్క కూడా వద్దు. ఆవిడ తిరిగి ఏదైనా అంటే విని ఊరుకోండి. నవ్వింది గ్రూపులో కాబట్టి గ్రూపులో కూడా రాయండి, అలా రాయడం నా పొరపాటని రెండు వాక్యాల్లో. పాత పోస్టు తీసేయండి. మీవారు చెప్పే సర్దుబాటు దానంతట అది జరగదు. అయినా ఇందులో ఆయన్ని మధ్యవర్తిగా పెట్టకండి.

అప్పట్నించి వంటింట్లో రెండు గిన్నెలు. ఆవిడ పాలు, పెరుగు ఒకదాంట్లో, మీవి మరోదాంట్లో. గిన్నెల ఆకారం వేరుగా ఉండాలి, చెంచాలు వేరుగా ఉండాలి. చూడగానే ఏది ఎవరిదో తెలియాలి. ఆవిడ పాలు మీరు కాచాలా అని అడుగుతారేమో. మామూలు రోజుల్లో ఆవిడే కాచుకుంటారు, లేదా మీవారు కాస్తారు, ఆయనకీ చేతులున్నాయి. ఆవిడ ఒంట్లో బాగోనినాడు, ఇంట్లో ఇంకెవరూ లేకపోతే మీరు కాచిపెట్టాలి. దానివల్ల మీ నియమానికి వచ్చే లోటేమీ లేదు. దీనికి ఒప్పుకోని వీగన్లు ఉన్నారని నాకు తెలుసు. నా అభిప్రాయం మాత్రం ఇదే.

ఎప్పుడైనా ఆవిడే ‘ఆ పెరుగు ఎలా తోడుపెట్టావు’ అని అడిగితే, ఆవిడ చూస్తుండగా చేయండి. పాల పెరుగుకి అలవాటుపడ్డ చేతికి కొన్ని తేడాలు విడమర్చి చెప్పాలి. సోయా పాలల్లో లాక్టోజ్, అంటే మామూలు పాలల్లో ఉండే చక్కెర, ఉండదు కాబట్టి అర లీటరుకి ఒక టీస్పూను చక్కెర వేస్తే తోడు బాగా పనిచేస్తుంది. కాచిన పాలు 40 నుంచి 43 డిగ్రీలకి చల్లారాకే తోడు వేయాలి. అంతకన్నా బాగా వేడిగా ఉంటే తోడు చచ్చిపోతుంది, చల్లబడితే కదలదు. బాదం, ఓట్స్ పాలతో అలా గట్టిగా తోడుకోదు, వాటిలో ప్రోటీన్ తక్కువ. ఇంట్లో తీసిన సోయా పాలకి పచ్చివాసన వస్తోందంటే సోయా గింజల్ని చన్నీళ్లతో రుబ్బుతున్నారన్నమాట. నానిన గింజల్ని మరిగే నీళ్లతో రుబ్బితే ఆ వాసన పుట్టించే ఎంజైము పనిచేయదు. పాలు పైకి పొంగగానే కాగాయనుకోవద్దు. సోయా పాలు మరక్కముందే నురగ కడతాయి. మంట తగ్గించి, కలుపుతూ పది నిమిషాలైనా మరిగించాలి.

‘మొహం పాలిపోయింది’ అన్నమాటని మీరు సణుగుడు కింద కట్టారు. రెండేళ్లుగా వీగన్ తిండి తినేవాళ్లకి ఆ మాట చెవిన పడితే మొదట గుర్తుకు రావాల్సింది బి12. మొక్కల్లోంచి అది నమ్మకంగా దొరకదు. బి12 కలిపిన సోయా పాలలాంటివో, మాత్రలో తీసుకోవాల్సిందే. మాత్రలైతే రోజుకి కనీసం 10 మైక్రోగ్రాములు, లేదా వారానికి 2000 మైక్రోగ్రాములు అన్నది వీగన్లకి మామూలుగా చెప్పే లెక్క. ఒంట్లో నిల్వ ఉన్నది కొన్నేళ్లు వస్తుంది, అందుకే లోటు ఆలస్యంగా బయటపడుతుంది. ఆకుకూరలు బాగా తినేవాళ్లకి ఫోలేట్ అనే మరో బి విటమిన్ సమృద్ధిగా అందుతుంది. దానివల్ల ఒక్కోసారి రక్తహీనత కనబడకుండానే నరాలు దెబ్బతింటాయి. అరికాళ్లలో తిమ్మిరి, మతిమరుపు లాంటివి ఉంటే ఆలస్యం చేయకండి. బి12, ఐరన్ పరీక్ష చేయించుకుని ఆ కాగితం మీ అత్తగారికి చూపించండి. ఆవిడ అడిగిందానికి అది జవాబు. ఇన్నాళ్లూ మీరు ఇవ్వని జవాబు.

కేకు విషయానికి వస్తే, పుట్టినరోజు ఆవిడది. ఆవిడకి వెన్న, గుడ్లు వేసిన కేకే ఇష్టమైతే అది తెప్పించండి. మీది కూడా చేయండి, ఇందులో గుడ్లూ పాలూ లేవని చెప్పి పక్కన పెట్టండి. గుడ్ల కేకుకి నకలు కాకుండా, మొదట్నించీ గుడ్డు లేకుండానే పుట్టిన చాక్లెట్ కేకు ఒకటుంది. అందులో సోయా కూడా ఉండదు కాబట్టి మాత్ర బెంగా లేదు. మైదా 190 గ్రాములు, చక్కెర 200 గ్రాములు, కోకో పొడి మూడు టేబుల్ స్పూన్లు, వంటసోడా ఒక టీస్పూను, ఉప్పు అర టీస్పూను కలిపి జల్లించాలి. వేరే గిన్నెలో నీళ్లు 240 మిల్లీలీటర్లు, వాసన లేని నూనె 80 మిల్లీలీటర్లు, వెనిగర్ ఒక టేబుల్ స్పూను, వెనిలా ఒక టీస్పూను. రెండూ కలిపి, 20 సెంటీమీటర్ల గిన్నెలో పోసి, 180 డిగ్రీల దగ్గర 30 నుంచి 35 నిమిషాలు బేక్ చేయాలి.

ఓవెన్ ముందే వేడెక్కి ఉండాలి. వెనిగర్ సోడాని తాకగానే గ్యాసు పుడుతుంది, కేకుని లేపేది అదే. పిండి కలిపి పెట్టి ఫోను మాట్లాడుతూ కూర్చుంటే ఆ గ్యాసు కాస్తా పోయి కేకు అట్టలా దిగబడుతుంది. పొడి పిండి కనబడకపోతే కలపడం ఆపేయండి, ఇంకా గిలక్కొడితే సాగుడు వస్తుంది. పిండి పల్చగానే ఉంటుంది, కంగారుపడి మైదా చేర్చకండి. దించగానే గిన్నె బోర్లించకండి, గుడ్డు లేని కేకు వేడిమీద విరుగుతుంది. పది నిమిషాలు ఆగాలి.

ఫొటోలూ రాతలూ ఎందుకు మానేయాలి? మీ బట్టలు, మీ వంట, మీ మాటలు మీ ఇష్టం. కిటికీ పక్కన, గదిలో దీపం ఆర్పేసి, ఎదురువైపు తెల్లకాగితం నిలబెట్టి హాయిగా తీసుకోండి. ఇంట్లోవాళ్ల మొహం గానీ, మాట గానీ వాళ్లనడగకుండా బయటపెట్టకండి.

స్వెటర్ మాట పుట్టినరోజయ్యాక ఎత్తండి. ‘ఉన్ని నేను వేసుకోను అత్తయ్యా, మీకు ముందే చెప్పాల్సింది’ అని చేతికిచ్చి చెప్పండి. ఎవరికో ఇచ్చేయాలా, దాచాలా అన్నది ఆవిడ ఇష్టం. దాచమంటే ఉతికి, బాగా ఆరనిచ్చి, మూత బిగుతుగా ఉండే పెట్టెలో పెట్టాలి. చెమట, తిండి మరకలున్న ఉన్నినే పురుగు ముందు కొడుతుంది. ఆవిడకి ఓపికుంటే నూలు దారంతో ఇంకొకటి అల్లమని అడగండి. అల్లే చేతికి తెలిసే ఉంటుంది గానీ, నూలుకి ఉన్నిలా సాగి వెనక్కి వచ్చే గుణం లేదు. అంచులూ మణికట్లూ వదులైపోతాయి, వాటికి ఒకటి రెండు సైజులు తక్కువ సూదులు వాడాలి. కొలత సరిచూసుకోడానికి ముందు 15 సెంటీమీటర్ల ముక్క అల్లి, ఉతికి ఆరేశాక నడుమ 10 సెంటీమీటర్లలో కుట్లు లెక్కపెట్టాలి. నూలు స్వెటర్ బరువుకి కిందికి సాగుతుంది కాబట్టి, పొడుగు రెండు సెంటీమీటర్లు తగ్గించి అల్లితే వేసుకునేసరికి సరిపోతుంది. ఉతికాక హ్యాంగర్‌కి తగిలించకండి, కిందికి సాగిపోతుంది. బల్ల మీద పరిచి ఆరేయండి.