దెయ్యం ‘వచ్చిందా’, ‘వచ్చాడా’?

సందేహం: ఇంటర్ చదివే అమ్మాయి, ఆమెను ప్రేమించే దెయ్యం, వాళ్ళ మధ్యకు వచ్చే దేవదూత. ఈ ముగ్గురితో కుర్రకారు చదువుకునే నవల రాస్తున్నాను. కథంతా కోనసీమ లంకల్లో జరుగుతుంది. ‘దెయ్యం వచ్చింది’ అంటే నాయకుడు మగవాడిలా అనిపించడం లేదు. ‘దెయ్యం వచ్చాడు’ అంటే తప్పంటున్నారు. దేవదూతకు ఏ క్రియ వాడాలి? వీళ్ళ మాటతీరు ఎలా ఉండాలి? – అమలాపురం దగ్గరి నుంచి ఒక పాఠకురాలు

సమాధానం: మీరు పంపిన పేజీలోని నాలుగు వాక్యాలు చూద్దాం. ‘రేవు మెట్ల మీద దెయ్యం కూర్చుంది. సుధ దగ్గరికి వెళ్ళింది. చెయ్యి పట్టుకుంది. సిగ్గుపడింది.’ ఎవరు ఎవరి దగ్గరికి వెళ్ళారు? సిగ్గుపడింది ఎవరు? తెలుగులో ఆడవాళ్ళకూ, మనుషులు కాని వాటికీ ఏకవచనంలో క్రియ ఒకటే. సుధా ‘వెళ్ళింది’, దెయ్యమూ ‘వెళ్ళింది’. పైగా ‘సుధ దగ్గరికి’ అన్నచోట సుధ కర్త కావచ్చు, చేరిన చోటూ కావచ్చు. మీ నాయకుడు మగవాడిలా అనిపించకపోవడమే కాదు, ప్రేమకథలో ఎవరు ఏం చేశారో కూడా తెలియకుండా పోతోంది.

అలాగని ‘దెయ్యం వచ్చాడు’ అని రాయకండి. చిన్నయసూరి బాలవ్యాకరణంలో స్త్రీలు, తిర్యక్కులు (పశుపక్ష్యాదులు), జడాలు (ప్రాణం లేనివి) కానివన్నీ మహత్తులన్నాడు, అంటే ‘వచ్చాడు’ అనదగినవి. ఆ లెక్కన మగ దెయ్యం మహత్తే కావాలి కదా అని మీకు తోచవచ్చు. కానీ వాడుకలో క్రియ పదం వెంట నడుస్తుంది, ఆ పదం వెనకున్న వ్యక్తి వెంట కాదు. దెయ్యం, భూతం, పిశాచం, ప్రేతం అన్నీ ‘అది’ అనిపించుకునే మాటలే. లెక్కలోనూ అంతే: రెండు దెయ్యాలు అంటాం, ఇద్దరు దెయ్యాలు అనం. రాక్షసులైతే ఇద్దరు, దూతలైతే ఇద్దరు.

చేయవలసింది ఇది. దెయ్యం అన్న మాటను భయపడేవాళ్ళ నోట ఉంచండి. మామ్మ ‘అది మళ్ళీ వచ్చిందే’ అంటుంది, ఊళ్ళోవాళ్ళు ‘పిల్లకి గాలి సోకింది’ అంటారు. మీ కథనంలో మాత్రం అతనికి పేరు పెట్టి, క్రియను ఆ పేరుకు కట్టండి. ‘రేవు మెట్ల మీద కేశవుడు కూర్చున్నాడు. సుధ అతని దగ్గరికి వెళ్ళింది. చెయ్యి పట్టుకున్నాడు. సిగ్గుపడింది.’ ఇప్పుడు కర్తను ప్రతిసారీ చెప్పకపోయినా ఎక్కడా తికమక లేదు. సుధ మనసులో ‘అది’ కాస్తా ‘అతను’ అయ్యే చోటు నవలలో ఒక్కటే ఉండాలి. ఆ చోటును ముందే నిర్ణయించుకుని, దానికి ముందు సుధ నోటా తలపులోనూ ‘అతను’ ఒక్కసారి కూడా జారకుండా చూడండి. తెలుగు వ్యాకరణం మీకిచ్చిన అవకాశం ఇది, వదులుకోకండి.

ఆ చోటు రాకముందు వాళ్ళు ఎదురుపడితే ఎలా అంటారా? సంభాషణ నడపండి. ‘వచ్చాను’, ‘వచ్చావు’ అన్న రూపాలకు లింగభేదం లేదు. ఎన్ని పేజీలు మాట్లాడుకున్నా గుట్టు బయటపడదు. అయితే కర్మకు ‘ని’ వదిలేయకండి. ‘సుధ దెయ్యం చూసింది’ అంటే చూసిందెవరో తేలదు. ‘దెయ్యాన్ని చూసింది’ అనాలి.

అసలు దెయ్యమే కావాలా అన్నది కూడా ఆలోచించండి. బ్రహ్మరాక్షసుడు మహత్తే గాని, ఆ మాట వినగానే విద్య దాచుకుని చెడిపోయిన పండితుడు గుర్తొస్తాడు, పద్దెనిమిదేళ్ళ కుర్రాడికి అతకదు. గంధర్వుడు బాగుంటాడు. గంధర్వుడు మనిషిని పట్టడం బృహదారణ్యకోపనిషత్తులోనే ఉంది, పతంచల కాప్యుడి కూతురి ప్రసంగంలో. మీ ప్రాంతంలోనే ఇంకో దారి ఉంది. గోదావరి జిల్లాల్లో కొన్ని కుటుంబాలవారు చిన్నవయసులో పోయిన బిడ్డను వీరభద్రుడిగా కొలిచి సంబరం చేస్తారు. అక్కడ ఎవరూ ‘వచ్చింది’ అనరు, ‘వచ్చాడు’ అనే అంటారు. పోయినవాడిని ఇంటివాళ్ళు దగ్గరికి తీసుకుంటే మహత్తు, భయపడితే అమహత్తు. కర్మకాండలోనూ ఇదే వరుస. మొదటి పది రోజులూ ప్రేతం. పన్నెండో రోజు సపిండీకరణం జరిగాక పితృదేవతల్లో కలుస్తారు, ‘వారు’ అవుతారు. మీ కేశవుడికి ఆ కర్మ జరగలేదనుకుంటే, ఇక్కడే ఎందుకు ఉండిపోయాడన్న ప్రశ్నకు జవాబూ దొరికినట్టే.

దేవదూత సంగతి తేలిక. దూత అన్నది సాక్షి లాంటి మాట, ఎవరైతే వారికి తగిన క్రియ. మగవాడైతే ‘దూత వచ్చాడు’, అంతే. దేవదూతుడు అని సాగదీయనక్కర్లేదు. ‘దేవతలా ఉన్నాడు’ అని మాత్రం రాయకండి, ఏకవచనంలో దేవత ఆడరూపమే. డెల్టాలో ఈ మాటలు పుస్తకాల్లోంచి ఊడిపడినవి కావు. క్రైస్తవ మిషనరీ ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్‌తో పాటు 1836లో వచ్చిన బౌడెన్, బీర్ దంపతుల నుంచి మొదలైన గోదావరి డెల్టా మిషన్ నరసాపురం చుట్టుపక్కల వేళ్ళూనుకుంది. దూత, సాతాను, అపవాది, పరలోకం – ఇవన్నీ అక్కడి ఇళ్ళలో రోజూ వినపడే మాటలు. తెలుగు బైబిలు చదివినా ఈ లింగభేదం మీకు కనపడకపోవడానికి కారణం ‘చెప్పెను’. దూత చెప్పెను, మరియ చెప్పెను, గాలి వీచెను: గ్రాంథికంలో ముగ్గురికీ ఒకటే రూపం సరిపోయింది. వ్యావహారికంలోకి రాగానే ‘చెప్పాడా, చెప్పిందా’ తేల్చుకోక తప్పదు.

పోయినవారి లోకాన్ని కలగాపులగం చేయకండి. వైతరణి, యమభటులు, చిత్రగుప్తుడు ఉన్న చోట దూత రెక్కలతో దిగితే రెండు నమ్మకాలకూ అన్యాయమే. సుధ ఇంట్లో ‘తాతయ్య కాలం చేశారు’ అంటే, మీ కథలో దూతను చూసే పక్కింటి అమ్మాయి ఇంట్లో ‘ప్రభువునందు నిద్రించారు’ అంటారు. రెండిళ్ళ మాటలూ వేరుగా వినిపించాలి.

కేశవుడు పోయి మూడు వందల ఏళ్ళన్నారు. అందుకని అతని చేత ‘ఏతెంచితిని’ అనిపించకండి. అది కావ్యాల భాష, అప్పటి ఊరివాళ్ళూ అలా మాట్లాడలేదు. పాతదనం కోసం మన్నన వాడుకోండి. మొదట సుధ అతన్ని ‘మీరు’, ‘అలాగేనండి’ అంటుంది, పెద్దవాడన్న బెరుకుతో. తర్వాత ‘నువ్వు’. అతను ఆమెను మొదటినుంచీ ‘నువ్వు’ అనవచ్చు. ఊరివాళ్ళ మాటల్లో ‘వచ్చేడు, చెప్పేడు’ అన్న మీ ప్రాంతపు రూపాలు నిక్షేపంగా రాయండి, కథనంలో ‘వచ్చాడు’ ఉంచండి. ఒకే నోట రెండూ రాకూడదు. ఇంకొకటి: బతికున్నప్పుడు అతను కాలువ లాకుల దగ్గర ఆడుకున్నట్టు రాశారు. ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిందే 1852లో, మీరు రాసిన లాకుల కాలువలు దాని వెంట వచ్చినవి. అతన్ని ఏటి ఒడ్డుకు మార్చండి.

వర్ణక్రమం విషయానికి వస్తే, దయ్యం, దెయ్యం రెండూ ఒప్పే, ఏదో ఒకటి పట్టుకోండి. ‘స్వర్గస్తులు’ తప్పు, ‘స్వర్గస్థులు’ అని థ వత్తుతో రాయాలి.