ఆరేళ్లు దాటాక కూడా మాంటిస్సోరిలోనే ఉంచాలా?

మీ బాబుకి ఆరు నిండబోతున్నాయి, వస్తువులతో ఎవరి పని వాళ్లు చేసుకుంటూ నేర్చుకునే అదే మాంటిస్సోరి స్కూల్లో ప్రైమరీ కూడా చదివించాలా, లేక "అసలు చదువు" చెప్పే చోటికి మార్చాలా అని అడిగారు. మా అమ్మాయి తొమ్మిది నిండేదాకా అక్కడే చదివింది. ఆ ధైర్యంతో చెబుతున్నాను, ఉంచండి. అయితే ఒక షరతు. ఆ షరతు మీకే.

మా స్కూల్లో తల్లిదండ్రులు ఎప్పుడన్నా ఒక పూట క్లాసులో మూల కుర్చీ మీద కూర్చుని చూడొచ్చు. నోరు విప్పకూడదు, కుర్చీ దిగకూడదు, అంతే. మా పిల్లకి అప్పుడు ఏడున్నర. 6,325ని 5తో భాగించే పని పెట్టుకుని కింద చాప పరుచుకుంది. టెస్ట్ ట్యూబుల నిండా ఆవగింజల కంటే కాస్త పెద్ద పూసలు. ఒకట్లకి ఆకుపచ్చ, పదులకి నీలం, వందలకి ఎరుపు, వేలకొచ్చేసరికి మళ్లీ ఆకుపచ్చే. గుంటలున్న చెక్క పలక మీద ఐదు చిన్న బొమ్మలు నిలబెట్టి, ఒక్కో బొమ్మకి సమానంగా పూసలు పంచాలి. మిగిలినవాటిని చిల్లర మార్చినట్టు కింది స్థానంలోకి మార్చుకోవాలి.

ఆరు వేలు పంచింది, తలా ఒకటి, ఒకటి మిగిలింది. దాన్ని పది ఎర్రపూసలుగా మార్చింది. ఉన్న మూడూ కలిపి పదమూడు. తలా రెండు, మూడు మిగిలాయి. ఆ మూడింటినీ గిన్నెలోంచి ఒంపుతుంటే ఒక ఎర్రపూస దొర్లుకుంటూ వెళ్లి చాప అంచు కిందికి దూరింది. దానికి కనిపించలేదు, నాకు కనిపించింది.

రెండే అనుకుని ఇరవై నీలాలు తెచ్చుకుంది. ముప్ఫై రావాలి తల్లీ, ముప్ఫై! నా కాలు దానంతటదే కదిలింది. అటువైపు ఇంకో పిల్లాడితో మాట్లాడుతున్న టీచర్ నా వంక చూసి చెయ్యి కొంచెం కిందికి ఊపింది. కూర్చున్నాను. తప్పు మీద తప్పుగా పంచుకుంటూ పోయి 1,245 అని పుస్తకంలో రాసుకుంది. టీచర్ వచ్చి చూస్తుందేమో అనుకున్నాను. రాలేదు. ఎర్ర సిరా లేదు, ఇంటూ మార్కు లేదు.

పిల్లే సరిచూసుకోవడానికి 1,245ని 5తో గుణించింది. 6,225. పైకీ కిందికీ రెండుసార్లు చూసింది. "వంద తక్కువొచ్చింది" అని గొణుక్కుంది. కాసేపు గోడ వైపు చూస్తూ కూర్చుంది. తర్వాత "వందంటే ఎర్రది కదా" అంటూ మోకాళ్ల మీద పాకి చాప ఎత్తింది.

ఆ పూసని వేళ్ల మధ్య పట్టుకుని పక్క పిల్లకి చూపించిన తీరు ఇప్పటికీ నా కళ్ల ముందుంది. మళ్లీ పదుల నుంచి పంచింది, 1,265. మొత్తం నలభై నిమిషాలు పట్టింది. నేను చెప్పి ఉంటే ఒక్క నిమిషం. ఒక అంకె తేడా వస్తే ఆ తేడా ఏ స్థానంలో ఉందో వెతుక్కోవాలన్న సంగతి మాత్రం దానికి అంటేది కాదు. నా డిగ్రీ చదువంతటిలో నాకు అంటలేదు మరి.

నా షరతు ఇదే. ఆ నలభై నిమిషాలు మీరు ఊరుకోగలరా? అప్పటిదాకా మా పిల్ల బూట్ల లేసులు నేనే కట్టేదాన్ని, ఆలస్యమవుతోందని. మర్నాటి నుంచి మానేశాను. వారం రోజులు బస్సు దగ్గర పరుగులే.

ఊరుకోలేని తల్లిదండ్రులు స్కూలునే మార్చేస్తారు. మా గ్రూపులో రోజూ ఇదే గోల: హోంవర్క్ లేదేంటి, ర్యాంకు చెప్పరేంటి, మా వాడు రెండు వారాలుగా అగ్నిపర్వతాల బొమ్మలే వేస్తున్నాడు ఎక్కాలెప్పుడు? అలా పోరుపెట్టీ పెట్టీ చాలా స్కూళ్లని పేరు మాత్రం అదీ, లోపల మామూలు బట్టీ చదువూ చేసి పెట్టారు. ఆ పేరు ఎవరైనా బోర్డు మీద రాసుకోవచ్చు, అడిగే నాథుడు లేడు. చెక్క బొమ్మ కనిపిస్తే చాలు దానికీ ఆ పేరే తగిలిస్తున్నారు.

"అది చిన్నపిల్లల పద్ధతండీ, ప్రైమరీకి పనికిరాదు" అనేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. 1907లో రోమ్‌లో మొదలైంది చిన్నపిల్లలతోనే, నిజమే. కానీ ఈ పద్ధతి మొదలుపెట్టిన మరియా మాంటిస్సోరి 1939లో మద్రాసు అడయార్‌కి వచ్చి, యుద్ధం వల్ల 1946 దాకా ఈ దేశంలోనే ఉండిపోయింది. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకి విశ్వం పుట్టుక కథతో మొదలుపెట్టి అన్ని పాఠాలూ దానికి ముడివేసే పద్ధతి కొడైకెనాల్‌లో ఉన్న రోజుల్లోనే రూపు కట్టింది. మన కొండ మీద తయారైనదాన్ని మనమే పనికిరాదంటున్నాం.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. మా పిల్ల చేతిరాత ఘోరం. ఎక్కాలు ఆలస్యంగా వచ్చాయి. నాలుగో తరగతికి వేరే స్కూలుకి మార్చినప్పుడు పీరియడ్ల గంటలకి అలవాటు పడలేకపోయింది. పొద్దున మూడు గంటలు ఏకబిగిన ఒక పని మీద కూర్చునే పిల్లకి నలభై నిమిషాలకోసారి గంట కొడితే ఏమవుతుంది? "నేనింకా సగంలోనే ఉన్నాను, ఎందుకు కొట్టారు?" అని అడిగిందట. డైరీలో "నెమ్మది" అని రాసి పంపారు. ఒక టర్మ్ పట్టింది సర్దుకోడానికి. మార్చాలనుకుంటే తొమ్మిది నిండాక మార్చండి, ఆరు నుంచి తొమ్మిదేళ్ల దాకా ఒకటే క్లాసు, దాని మధ్యలో లాగేయకండి.

మీ స్కూలు అసలుదో కాదో తేల్చుకోడానికి ఆ పూసల ట్యూబులు చూపించమనండి. ట్యూబుల్లో పూసలు అటూ ఇటూగా తగ్గి, చెక్క అంచులు అరిగి ఉంటే సంతోషించండి. అద్దాల బీరువాలో కొత్తగా మెరుస్తూ కనిపిస్తే మాత్రం దణ్ణం పెట్టి వచ్చేయండి.