పోస్ట్‌గ్రెస్‌లో పాత డేటాను హార్డ్ డిస్క్‌కి మార్చడం: ముందు పార్టిషన్లు, తర్వాతే డిస్క్

పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో ఉన్న మీ బిల్లింగ్ డేటాబేస్ పెరిగి, వేగమైన ఎన్‌వీఎంఈ డ్రైవ్ నిండిపోతోంది, సర్వర్‌లో పెద్ద హార్డ్ డిస్క్ ఖాళీగా ఉంది, వాడకం తక్కువున్న టేబుళ్లను అందులోకి మారిస్తే సరిపోతుందా అని అడిగారు. మందుల హోల్‌సేల్ బిల్లింగ్ డేటాబేస్‌లు చూసుకోవడం నా పని. అక్కడ చూసినదాన్ని బట్టి చెబుతున్నాను: టేబుల్‌ని మొత్తంగా కదపకండి. చోటంతా తినేది బిల్లు లైన్ల టేబుల్, రోజంతా అందరూ వాడేదీ అదే. వాడకం తగ్గేది అందులోని పాత నెలలకే. అందుకే ముందు దాన్ని బిల్లు తేదీ మీద నెలవారీ పార్టిషన్లు, అంటే నెలకొకటిగా విడి భాగాలు, చేయండి. ఒక షరతు ఉంది: ప్రైమరీ కీలో (ప్రతి వరసను విడిగా గుర్తించే కీ) బిల్లు తేదీ కూడా ఉండాలి. అప్లికేషన్ రాసేవాళ్లతో ఈ మాట మొదటే తేల్చుకోండి.

ఏ నెలను ఎప్పుడు మార్చాలో మీ వ్యాపారమే చెబుతుంది. ఏప్రిల్ రాగానే పాత ఆర్థిక సంవత్సరాన్ని పక్కకు పెట్టేయాలనిపిస్తుంది. కానీ జీఎస్టీ వార్షిక రిటర్న్‌కు గడువు డిసెంబర్ 31. అప్పటిదాకా ఆడిటర్లు ఆ డేటానే తవ్వుతుంటారు. మేం జనవరి దాకా ఆగుతాం.

ఇక అసలు విషయం. 7200 ఆర్‌పీఎం డిస్క్ ఒక చుట్టు తిరగడానికి 8 మిల్లీసెకన్లకు పైనే పడుతుంది. హెడ్ కదిలే సమయం కూడా కలిపితే సెకనుకు సుమారు వంద రాండమ్ రీడ్‌లే వస్తాయి. ఒక రిపోర్టుకి అక్కడొకటి ఇక్కడొకటిగా లక్ష పేజీలు (పోస్ట్‌గ్రెస్ డేటాను చదివే 8 కేబీ ముక్కలు) కావాలనుకోండి, దాదాపు 17 నిమిషాలు! అవే లక్ష పేజీలు, అంటే సుమారు 800 ఎంబీ, వరుసగా చదివితే కొన్ని సెకన్ల పని. అంటే హార్డ్ డిస్క్ నెమ్మది కాదు, దానితో గెంతులు వేయిస్తే నెమ్మది. ఇది పట్టుకుంటే మిగతా నిర్ణయాలు సులువు.

మొదటిది, ఇండెక్స్‌లను (కావాల్సిన వరస ఎక్కడుందో చెప్పే సూచికలు) ఎన్‌వీఎంఈ మీదే ఉంచండి. టేబుల్‌ని వేరే టేబుల్‌స్పేస్‌కి (డేటా ఫైళ్లు ఉంచడానికి పోస్ట్‌గ్రెస్‌కి చూపించే చోటు) మార్చినా ఇండెక్స్‌లు దానితో వెళ్లవు, వాటిని విడిగా మార్చాలి. చాలామంది దీన్ని లోపం అనుకుంటారు, నాకు మాత్రం ఇది వరం. పాత బిల్లు ఒక్కటి వెతికేటప్పుడు ఇండెక్స్ వేగంగా దొరుకుతుంది, హార్డ్ డిస్క్ మీద చదవాల్సింది ఒకటి రెండు పేజీలే. పాత నెలల్లో తేదీ మీదున్న మామూలు బీ-ట్రీ ఇండెక్స్‌కి బదులు, పేజీల గుంపుకి ఒక్క నమోదే ఉంచుకునే బ్రిన్ ఇండెక్స్ పెడితే చోటు కూడా బాగా మిగులుతుంది.

రెండోది, క్వెరీని ఏ దారిలో నడపాలో నిర్ణయించే ప్లానర్‌కి రెండు డిస్కుల తేడా తెలియాలి. రాండమ్ పేజ్ కాస్ట్ (అక్కడొకటి ఇక్కడొకటిగా పేజీ చదవడం ఎంత ఖరీదో ప్లానర్‌కి చెప్పే సెట్టింగ్) మామూలుగా 4 ఉంటుంది. సర్వర్ మొత్తానికి 1.1 పెట్టి, హార్డ్ డిస్క్ టేబుల్‌స్పేస్‌కి మాత్రం 4 అని ఆల్టర్ టేబుల్‌స్పేస్ కమాండ్‌తో విడిగా పెట్టండి.

మూడోది, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది: క్వెరీలో బిల్లు తేదీ లేకపోతే పోస్ట్‌గ్రెస్ ప్రతి పార్టిషన్‌నూ తడుముతుంది. "ఈ కస్టమర్ బిల్లులన్నీ" అనే స్క్రీన్ ఒక్కటి చాలు, అందరికీ టెన్షన్ పెట్టడానికి. అలాంటి స్క్రీన్లలో డిఫాల్ట్‌గా ఈ ఆర్థిక సంవత్సరం మాత్రమే చూపించి, పాతవి కావాలంటే యూజర్ ఎంచుకునేలా చేయించండి. డిస్కులు ఎన్ని మార్చినా ఈ మార్పు ఇచ్చినంత ఫలితం నేను చూడలేదు.

ఒక పార్టిషన్‌ను హార్డ్ డిస్క్‌కి మార్చేటప్పుడు దాని మీద పూర్తి లాక్ పడుతుంది, కాపీ అయ్యేదాకా ఎవరూ చదవలేరు కూడా. రాత్రిపూట ఒక్కో నెల చొప్పున చేయండి. లాక్ టైమవుట్ (లాక్ కోసం ఎంతసేపు ఆగాలో చెప్పే సెట్టింగ్) కొన్ని సెకన్లు పెట్టుకుంటే, ఏదైనా పెద్ద రిపోర్ట్ అడ్డున్నప్పుడు మీ కమాండ్ వెనక్కి తగ్గుతుంది, దాని వెనక క్యూ పేరుకోదు. రెప్లికా (డేటాబేస్ నకలు నడిచే రెండో సర్వర్) ఉంటే అక్కడ కూడా అదే పాత్‌లో డైరెక్టరీ ముందే సిద్ధం చేయాలి. కాపీ అయ్యే డేటా వాల్‌లోకి (మార్పులన్నీ నమోదయ్యే లాగ్, రెప్లికా చదివేది దీన్నే) కూడా వెళ్తుంది కాబట్టి రెప్లికా కాస్త వెనకబడుతుంది.

పాత డేటాయే కదా అని ఆ హార్డ్ డిస్క్‌ను ఒంటరిగా వదలకండి. టేబుల్‌స్పేస్ విడి నిల్వ కాదు, డేటాబేస్‌లో భాగమే. ఆ డిస్క్ పోతే మొత్తం సర్వరే లేవకపోవచ్చు. కనీసం రెండు డిస్కులు రెయిడ్ 1లో (రెండింటిలోనూ ఒకే డేటా ఉండే అమరిక) పెట్టి, బ్యాకప్‌లో ఆ పాత్ కూడా వస్తోందో లేదో ఒకసారి రీస్టోర్ చేసి చూసుకోండి.