అల్లుడూ, స్కైరిమ్ మళ్లీ మొదలుపెడుతున్నావట

అల్లుడూ,

స్కైరిమ్ మళ్లీ మొదటినుంచి ఆడబోతున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చెప్పింది అనడం కంటే కంప్లయింట్ చేసింది అనడం నయం, 2011లో వచ్చిన వీడియో గేమ్‌ని ఇప్పుడు మళ్లీ పట్టుకుని కూర్చోవడం ఏంటని. నాకైతే సంతోషంగా ఉంది. మొదటిసారి నువ్వు ఆడుతుంటే పక్కన కూర్చుని చూశాను కదా, డ్రాగన్లని చంపావు, ఇల్లు కొన్నావు, కత్తికి మంటలు పెట్టించుకున్నావు, కానీ ఆ ఆటలోని స్కైరిమ్ దేశం ఎలాంటి దేశమో ఒక్కసారీ ఆగి చూడలేదు. చూసే తీరిక ఇప్పుడుంది. లెవెల్ ఎంత అన్న గోల వదిలేసి నేను చెప్పేది విను.

ముందు ఫాస్ట్ ట్రావెల్, అదే మ్యాప్ మీద నొక్కి ఒక్కసారిగా ఇంకో ఊళ్లో తేలడం, మానెయ్. కాళ్లకి పని చెబితే ఊరి గేటు బయట గుడారాలు వేసుకున్న ఖాజీట్ వర్తకులు, పిల్లి రూపపు జాతి వాళ్లు, కనిపిస్తారు. లోపలికి ఎందుకు రారని వాళ్లనే అడుగు, రానివ్వరు కాబట్టి అంటారు. విండ్‌హెల్మ్ అనే ఊళ్లో ఆర్గోనియన్లు, అంటే బల్లి రూపపు జాతి వాళ్లు, గోడ అవతల రేవులోనే పడి ఉండాలి, రోజంతా మోసేది మాత్రం ఆ ఊరి సరుకే. డార్క్ ఎల్ఫులకేమో ఊళ్లోనే గ్రే క్వార్టర్ అని ఒక మురికి సందు. నువ్వు ఆ ఊరి గేటు దాటగానే ఇద్దరు నార్డులు, అంటే అక్కడి మనుషులు, ఒక డార్క్ ఎల్ఫ్ ఆవిడని నిలబెట్టి వేధిస్తుంటారు, మొదటిసారి నువ్వు ఆ డైలాగులు వినకుండా కమ్మరి దగ్గరికి పరిగెత్తావు. ఊరవతల వాడ అంటే ఏంటో మనవాళ్లకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు, అందుకే నీకు అక్కడ ఆగాలని అనిపించకపోవడం నాకు వింతగా తోచింది.

రెండోది, సోల్ జెమ్స్, చంపినవాటి ఆత్మల్ని బంధించే రాళ్లు. దీనికి కాస్త టైమ్ పెట్టు. మామూలు సోల్ జెమ్‌లో జంతువుల ఆత్మలు పడతాయి, మనుషులవి పట్టవు. వాటికి బ్లాక్ సోల్ జెమ్ కావాలి. ఆయుధానికి మంత్రశక్తి పట్టించాలంటే, అదే మంచి ఎన్‌చాంట్ చెయ్యాలంటే, పెద్ద ఆత్మ కావాలి, దానికోసం మామత్‌ని వెతుక్కుంటూ పోవడం కంటే దారిలో దొరికిన బందిపోటు మీద సోల్ ట్రాప్ అనే ఆత్మని పట్టే మంత్రం వేసి చంపేయడం సులువు. అందరూ చేసేది అదే, ఆట కూడా ఒక్క మాట అనదు. ఆ ఆత్మ ఎక్కడికి పోతుందో డాన్‌గార్డ్ అనే అదనపు కథ (డీఎల్‌సీ) ఆడితే తెలుస్తుంది. సోల్ కెయిర్న్ అని ఒక చోటుంది, అంతా బూడిదరంగు నేల, అందులో ఆత్మలు దిక్కూ మొక్కూ లేకుండా తిరుగుతుంటాయి, బయటికి దారి లేదు. అక్కడికి వెళ్లాలంటే నువ్వు వ్యాంపైర్‌వి అయ్యుండాలి, లేదంటే నీతో వచ్చే వ్యాంపైర్ అమ్మాయి సెరానా నీ ఆత్మలో కొంత భాగాన్ని తీసి జెమ్‌లో పెడుతుంది. వ్యాంపైర్ అవ్వొద్దు, రెండో దారిలోనే వెళ్లు. హెల్త్ బార్ కుంచించుకుపోయి ఆ నేల మీద నడుస్తున్నప్పుడు, నీ బ్యాగులో ఇంకెన్ని నల్ల జెమ్‌లున్నాయో ఒకసారి తెరిచి చూసుకో.

ఆ జెమ్ లెక్క ఇక్కడితో అయిపోలేదు. ఫాల్మర్లు గుర్తున్నారా, డ్వెమర్ అనే పాత జాతి వదిలిన శిథిలాల్లో గుడ్డిగా పాకుతూ మీద పడేవాళ్లు? వాళ్ల ఆత్మ మామూలు జెమ్‌లోనే పడిపోతుంది, అంటే బందిపోటుని మనిషిగా లెక్కేసే ఆట వాళ్లని జంతువు కింద లెక్కేస్తోంది. ఒకప్పుడు వాళ్లు స్నో ఎల్ఫులు, ఆ నేల వాళ్లది. వాళ్లు సార్థాల్ అనే నార్డుల ఊరిని నాశనం చేస్తే, నార్డుల నాయకుడు ఇస్‌గ్రామోర్ అయిదొందల మంది కంపానియన్లతో తిరిగొచ్చి ఆ జాతినే తుడిచిపెట్టాడు. మిగిలినవాళ్లు భూమి కింద డ్వెమర్ల కాళ్ల మీద పడ్డారు. ఆశ్రయం ఇస్తాం గానీ ఈ విషపు పుట్టగొడుగు తినాలన్నారు వాళ్లు. తిన్నాక చూపు పోయింది, బానిసలయ్యారు. ఇప్పుడు చెప్పు, వైట్‌రన్‌లో అదే కంపానియన్ల విడిది జోర్‌వాస్కర్‌కి వెళ్లి వాళ్లలో చేరి, వూత్‌రాడ్ ముక్కలు ఏరుకొచ్చి ఎంత మురిసిపోయావు! అది ఇస్‌గ్రామోర్ గొడ్డలి. దగ్గరికి జూమ్ చేసి చూడు, దాని మీద అరుస్తున్న ఎల్ఫ్ ముఖం చెక్కి ఉంటుంది, ఎల్ఫుల మీద వాడితే దెబ్బ ఎక్కువ పడుతుంది కూడా. కాబట్టి ఈసారి వరస మార్చు. ముందు డాన్‌గార్డ్‌లో ఫర్‌గాటెన్ వేల్ అనే లోయకి వెళ్లి, చూపు పోని స్నో ఎల్ఫ్ గెలెబోర్‌ని కలిసి అతను చెప్పేదంతా విను, స్కిప్ నొక్కకు. ఆ తర్వాతే జోర్‌వాస్కర్ గడప తొక్కు.

దొరికిన పుస్తకాలు అమ్మేయకు, ఎలాగూ పెద్దగా డబ్బులు రావు. కాకపోతే రాసిందెవరో చూసి చదువు. సామ్రాజ్యం మీద తిరగబడ్డ నార్డు దొర ఉల్‌ఫ్రిక్ మార్కార్త్ అనే ఊళ్లో చేసిన ఘోరాల మీద ఒక పుస్తకముంది, అది రాసింది సామ్రాజ్యం వైపు పండితుడు. అబద్ధమని కాదు, ఎవరి నోటి నుంచి వస్తోందో తెలియాలి కదా. మార్కార్త్‌కి వెళ్లినప్పుడు సంతలో జరిగే హత్య చూసి ఊరుకోకుండా ఆ క్వెస్ట్ చివరిదాకా చెయ్యి, జైలుకి పోయినా సరే, సిడ్నా మైన్ అనే గని జైల్లో ఆ ప్రాంతపు తిరుగుబాటుదారుల నాయకుడు ముసలి మాడనాక్ మాట్లాడేది వింటే ఆ ఊరి వెండి ఎవరి చెమటో అర్థమవుతుంది.

ఇక యుద్ధం. ఉల్‌ఫ్రిక్ సేన స్టార్మ్‌క్లోక్సా, సామ్రాజ్యం సేన ఇంపీరియల్సా అని నీ ఫ్రెండ్స్ అప్పుడే కొట్టుకుంటుంటారు. ఎవరి వైపూ చేరకు, మెయిన్ క్వెస్ట్‌లో థాల్మోర్ అనే ఎల్ఫు పాలకుల ఎంబసీకి వెళ్లేదాకా ఆగు. అక్కడ ఉల్‌ఫ్రిక్ మీద ఒక ఫైల్ దొరుకుతుంది. థాల్మోర్ల దగ్గర బందీగా ఉన్నప్పుడు తను నోరు విప్పడం వల్లే సామ్రాజ్యపు రాజధాని ఇంపీరియల్ సిటీ పడిపోయిందని అతన్ని నమ్మించారు, నిజానికి అప్పటికే అది వాళ్ల చేతిలోకి వచ్చేసింది. ఈ యుద్ధంలో ఎవరూ గెలవకుండా ఇలాగే సాగాలన్నదే థాల్మోర్ల కోరిక. అది చదివాక నీకు ఎవరి వైపు చేరాలనిపిస్తే అక్కడే చేరు. చేరాలనిపించకపోతే అలాగే ముందుకెళ్లు, హై హ్రోత్‌గార్ అనే కొండ మీది మఠంలో రెండు వైపులనీ కూర్చోబెట్టి సంధి మాట్లాడే క్వెస్ట్ వస్తుంది, మెయిన్ కథ ఏమీ ఆగదు.

మీ మావయ్య