చిన్న కేసుల్లో తేలిగ్గా బెయిల్ ఇస్తే సమాజానికి లాభమా, నష్టమా?

మీరు అడిగింది ఇది: చిన్న దొంగతనాల్లో దొరికినవాళ్లను వెంటనే బెయిల్ మీద వదిలేస్తే నేరాలు పెరగవా? జైల్లో ఉంచితే అయ్యే ఖర్చు, వదిలితే జరిగే నష్టం రెండూ పక్కపక్కన పెట్టి ఎవరైనా లెక్క చూశారా?

చూశారు. దాని గురించి చెబుతాను. కానీ ముందు నా కళ్లముందు జరిగిన ఒక కేసు లెక్క చెప్పనివ్వండి. నేను హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యాను. 2017 నుంచి పారా లీగల్ వలంటీరుగా, అంటే కోర్టు వ్యవహారాల్లో పేదలకు సాయపడే మనిషిగా, వారానికి రెండు రోజులు ఒక సబ్ జైలుకి వెళ్తున్నాను. అలవాటు కొద్దీ అక్కడ కూడా ఒక నోట్‌బుక్ పెట్టుకున్నాను.

2019లో ఒక కుర్రాడు వచ్చాడు. ఇరవై నాలుగేళ్లు, ఐస్ ఫ్యాక్టరీలో రోజుకూలీ. చేపల చెరువు దగ్గర మోటారుకున్న రాగి వైరు కోసుకుపోయాడని కేసు. వైరు విలువ ఆరు వేలు. రిమాండ్‌కొచ్చిన పదిహేనో రోజున కోర్టు బెయిల్ ఇచ్చింది. షరతు ఏమిటంటే సొంత పూచీకత్తు పది వేలు, అంతే మొత్తానికి ఇద్దరు జామీనుదారులు. జామీనుదారంటే ఇంటి పన్ను రసీదు, ఆస్తి విలువ సర్టిఫికెట్, ఆధార్ పట్టుకుని పని మానుకుని కోర్టుకొచ్చి నిలబడాలి. కుర్రాడి కుటుంబం ఉండేది పోరంబోకులో పాకలో. ఊళ్లో ఇల్లున్నవాళ్లను అడిగితే "రేపు చూద్దాంలే" అన్నారట. వాళ్లమ్మ నా దగ్గరికొచ్చి, "మాస్టారూ, బెయిలొచ్చిందన్నారు గదండీ, మరి పిల్లోణ్ణి ఎందుకు పంపట్లేదండీ?" అని అడిగింది. ఆ ప్రశ్నకు సమాధానం చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది.

బెయిల్ వచ్చాక కూడా అతను 41 రోజులు లోపలే ఉన్నాడు. మొత్తం 56 రోజులు.

నా నోట్‌బుక్‌లో లెక్క ఇలా ఉంది. పోయిన కూలి 48 రోజులకు, రోజుకి 500 చొప్పున 24,000. తల్లి ములాఖత్‌కి ఎనిమిది సార్లు వచ్చింది. బస్సు ఛార్జీలు రానూపోనూ 120 లెక్కన 960, ఆ ఎనిమిది రోజులూ పొలం పని మానుకున్నందుకు 2,400. వకీలుకిచ్చింది 15,000, అది కమ్మలు తాకట్టు పెట్టి నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చింది. వడ్డీ కలపకుండానే 42,360 రూపాయలు. పోయిన వైరు ఆరు వేలు. ఇతను తిరిగొచ్చేసరికి ఫ్యాక్టరీలో వేరే మనిషిని పెట్టుకున్నారు. ఆ నష్టానికి ఏ అంకె వెయ్యాలో నాకు తెలియలేదు. చివరికి లోక్ అదాలత్‌లో చెరువు యజమాని రాజీపడ్డాడు, కేసు మూసేశారు.

ఖైదీ మీద ఖర్చు అనగానే మనం భోజనం, గార్డుల జీతాలు, వాయిదాకి తీసుకెళ్లే ఎస్కార్ట్ డీజిలు లెక్కేస్తాం. అది ప్రభుత్వం పెట్టే ఖర్చు, బడ్జెట్‌లో కనిపిస్తుంది. ఈ 42,360 ఏ బడ్జెట్‌లోనూ కనిపించదు. ఖర్చు లేదనుకుంటాం గనకే దాన్ని ఎవరూ తగ్గించాలని చూడరు. 2022 చివరికి దేశంలో జైళ్లలో ఉన్నవాళ్లు 5,73,220 మంది, అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలు. అంటే ప్రతి నలుగురిలో ముగ్గురు ఇంకా నేరం రుజువు కానివాళ్లే.

ఇక పరిశోధన. అర్థశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్న మా అమ్మాయి పంపితే చదివాను. విల్ డాబీ, జేకబ్ గోల్డిన్, క్రిస్టల్ యాంగ్ అనే ముగ్గురు 2018లో అమెరికన్ ఎకనామిక్ రివ్యూలో వేసిన పేపరు అది. ఫిలడెల్ఫియా, మయామీ కోర్టుల రికార్డులు తీసుకున్నారు. జైల్లో ఉన్నవాళ్లనీ వదిలినవాళ్లనీ ఊరికే పోల్చితే తప్పుడు జవాబొస్తుంది, ఎందుకంటే ప్రమాదకరమైనవాళ్లనే ఎక్కువగా లోపల ఉంచుతారు. దానికి వాళ్లు పట్టుకున్న కిటుకు నాకు బాగా నచ్చింది. అక్కడ బెయిల్ కేసు ఏ జడ్జి ముందుకు వెళ్తుందనేది ఆ పూట డ్యూటీలో ఎవరున్నారన్న దాన్నిబట్టి ఉంటుంది. కొందరు జడ్జిలు కాస్త మెతక, కొందరు కఠినం. ఒకే రకం మనిషి, ఒకే రకం కేసు, వచ్చిన వేళని బట్టి ఒకరు బయట, ఒకరు లోపల. అలాంటివాళ్లను పోల్చారు.

వదిలినవాళ్లలో వాయిదాకి రాకుండా పోయినవాళ్లు పెరిగారు. కేసు నడుస్తుండగా కొత్త నేరాలు కూడా కొంత పెరిగాయి. కేసు తేలిపోయాక మాత్రం వాళ్లలో నేరాలు తగ్గాయి, మొత్తం మీద రెండూ చెల్లుకు చెల్లయ్యాయి. పని దొరికి పన్ను లెక్కల్లో కనిపించినవాళ్లు వదిలినవాళ్లలోనే ఎక్కువ. శిక్ష పడే అవకాశం సుమారు 14 శాతం పాయింట్లు తగ్గింది, అదీ ఎక్కువగా నేరం ఒప్పేసుకునేవాళ్లు తగ్గడం వల్ల. అన్నీ కూడి తీసివేస్తే అటో ఇటో అన్నట్టుండే కేసులో మనిషిని వదలడం వల్ల సమాజానికి మిగిలేది 55 వేల నుంచి 99 వేల డాలర్ల దాకా అని తేల్చారు. హత్య కేసుల్లో వాళ్లనీ, పదే పదే దొరికేవాళ్లనీ వదలమని ఆ పేపరు చెప్పదు. జడ్జికే సందేహంగా ఉండే మధ్యరకం కేసుల గురించే ఆ అంకె. డాలర్లను మన రూపాయల్లోకి మార్చి ఇక్కడ చెప్పుకోవడం కూడా సరికాదు.

నేరం ఒప్పుకోవడం గురించి చదివినప్పుడు నాకు ఐస్ ఫ్యాక్టరీ కుర్రాడే గుర్తొచ్చాడు. నలభై రోజులు దాటాక ఒకసారి అడిగాడు: "ఒప్పేసుకుంటే ఇప్పటిదాకా ఉన్నవే శిక్ష కింద రాసేసి పంపేస్తారాండీ?" నువ్వు చేశావా అంటే లేదన్నాడు. చెయ్యంది ఎందుకు ఒప్పుకుంటావంటే, "ఇంటికెళ్తాను గదండీ" అన్నాడు. వద్దని చెప్పి ఆపాను. అలా ఒప్పుకుని వెళ్లినవాళ్లను కూడా చూశాను. ఆ తర్వాత ఊళ్లో ఏ వస్తువు పోయినా ముందు వాళ్లింటికే పోలీసులు వస్తారు.

రెండో వైపు కూడా చెప్పాలి. 2021లో ఒక బైకు దొంగకి జామీను తగ్గించమని అర్జీ రాసింది నేనే. బయటికొచ్చిన మూడు వారాలకు ఒక కూరగాయల ఆవిడ టీవీఎస్ ఎక్సెల్ ఎత్తుకుపోయాడు. ఆవిడ కోర్టు వరండాలో కూర్చుని, బండి లేక రోజూ ఆటోకి 160 పోతోందని చెప్పింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. బెయిల్‌కి ఖర్చు లేదని ఎవరైనా అంటే ఒప్పుకోను. ఆవిడ 160 కూడా లెక్కలో పడాలి. ఆ అమెరికా పేపరులో వదిలినవాళ్లు చేసిన నేరాల నష్టం కూడా లెక్కలోకి తీసుకున్నారు, నాకు దాని మీద నమ్మకం కుదిరింది అందుకే. జైలే దండగ అని కూడా అనను. నార్వేలో ఇలాగే జడ్జిలను బట్టి పోల్చి చూస్తే, అంతకుముందు పనీపాటా లేనివాళ్లు జైల్లో పని నేర్చుకుని వెళ్లి మళ్లీ నేరం చెయ్యడం బాగా తగ్గిందని 2020లో తేలింది. అక్కడ జైల్లో శిక్షణ ఇస్తారు. మా సబ్ జైల్లో రిమాండ్ ఖైదీకి బ్యారక్ గోడ చూడడం తప్ప పని లేదు.

వాయిదాకి రారనే భయం గురించి కొంచెం ఎక్కువ చెబుతాను, ఎందుకంటే ఇది చాలా తక్కువ ఖర్చుతో తీరే సమస్య. మా దగ్గర వారెంట్ పడ్డవాళ్లలో చాలామంది పారిపోయినవాళ్లు కాదు. తేదీ మర్చిపోయినవాళ్లు, కాగితం చదవలేనివాళ్లు, ఆ రోజు కూలి పోతుందని ఆగిపోయినవాళ్లు. న్యూయార్క్‌లో సమన్ల కాగితాన్ని అర్థమయ్యేలా మార్చి రాస్తే రాకపోవడం 13 శాతం తగ్గింది. ఫోనుకి ముందుగా మెసేజ్ పంపితే 21 శాతం తగ్గింది. 2020లో సైన్స్ పత్రికలో వచ్చింది. అది చదవకముందే నేను వాయిదా ముందురోజు సాయంత్రం ఫోన్ చెయ్యడం మొదలుపెట్టాను. మెసేజ్ చదవలేనివాళ్లకు ఫోనే నయం. "రేపు పది గంటలకు, ఆధార్ తెచ్చుకో, వకీలు గారికి చెప్పాను" అంతే. ఒక్కో ఫోన్‌కి రెండు నిమిషాలు.

చివరిగా, మీ ఇంట్లోవాళ్లో తెలిసినవాళ్లో ఇలా ఇరుక్కుంటే పనికొచ్చేవి. జామీను పట్టుబట్టడం గురించి సుప్రీంకోర్టు 1978లోనే మోతీరామ్ కేసులో మాట్లాడింది. అతనొక తాపీ మేస్త్రి. పది వేల జామీను అడిగారు, సోదరుడు నిలబడతానంటే అతని ఆస్తి వేరే జిల్లాలో ఉందని తోసిపుచ్చారు. జస్టిస్ కృష్ణయ్యర్ ఆ మొత్తాన్ని వెయ్యికి తగ్గించి సొంత పూచీకత్తు మీద వదలమన్నారు. ఎక్కడో దూరాన అరెస్టయిన తెలుగువాడికో మలయాళీకో అక్కడ ఆస్తి ఉన్న జామీనుదారు ఎలా దొరుకుతాడని అడిగారు. 2023 జనవరి 31న సుప్రీంకోర్టు ఇంకా స్పష్టంగా చెప్పింది: బెయిల్ ఆర్డరు కాపీ ఆ రోజో మర్నాడో జైలుకి ఈమెయిల్‌లో వెళ్లాలి, ఏడు రోజుల్లో విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంట్ జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు తెలపాలి, నెలలోపు జామీను ఇవ్వలేకపోతే కోర్టు తనంతట తానే షరతు సడలించే సంగతి పరిశీలించవచ్చు. పేద ఖైదీల సహాయ పథకం కింద విచారణ ఖైదీకి డబ్బు సాయం వచ్చే వీలుంది. 2024 జూలై నుంచి కొత్త నేర విచారణ చట్టంలో, అంతకుముందు ఏ నేరానికీ శిక్ష పడనివాళ్లు గరిష్ఠ శిక్షలో మూడో వంతు గడిపితే బాండు మీద వదలాలని ఉంది. ఒకటికి మించి కేసులున్నా, యావజ్జీవం, మరణశిక్ష పడే నేరాలైనా ఇది వర్తించదు. మూడేళ్ల శిక్ష ఉన్న దొంగతనానికి మూడో వంతంటే ఏడాది. నా దృష్టిలో అది చాలా ఆలస్యం, కాబట్టి దాని కోసం ఎదురుచూస్తూ కూర్చోకండి.

న్యాయ సేవాధికార సంస్థ నంబరు 15100కి ఫోన్ చేసి వకీలును అడగండి, ఉచితంగా ఇస్తారు. జామీను తగ్గించమని అర్జీ పెట్టేటప్పుడు బెయిల్ వచ్చిన తేదీ, అప్పటినుంచి గడిచిన రోజులు, మనిషి చేసే పని, రోజుకూలి, అతని సంపాదన మీద ఇంట్లో ఎంతమంది బతుకుతున్నారో అన్నీ అంకెలతో రాయించండి. నేను సాయం చేసిన అర్జీల్లో జడ్జిగారు ఆగి, మళ్లీ చదివి, ప్రశ్నలడిగింది ప్రతిసారీ ఆ పేరా దగ్గరే.